పక్క సీటు బరువు

టైర్లక్కకి అస్సలు గిట్టనివి రెండున్నాయి. తను పని చేస్తుంటే ఎవరైనా వెనక నిలబడి సలహాలివ్వడం ఒకటి. ఒకే బండికి ఒక వైపు ఒక రకం టైర్లు, ఇంకో వైపు ఇంకో రకం టైర్లు ఉండడం రెండోది. ఆ మధ్యాహ్నం ఆమె మరిది ఈ రెండింటినీ కలిపి టైర్ల షాపులోకి తోలుకొచ్చాడు.

మరిది అంటే చెల్లెలి మొగుడు. ఊళ్ళోవాళ్ళ స్థలాలు కొలిచే సర్వేయరు. మనిషి మంచివాడే గానీ, ఏదైనా కొత్త వస్తువు చేతికొస్తే దాని గురించి పదిమందికీ చెప్పందే నిద్రపట్టదు. నాలుగు నెలల కిందట ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తు. అందులోకి ఎక్కడం అనేది ఉండదు, వెల్లకిలా పడడమే. దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి.

"టైర్లు నాలుగూ మార్చెయ్యాలి వదినా. కొండ రోడ్డు మీద మలుపుల్లో జారుతున్నాయి. సాయంత్రం మేమిద్దరం అటే వెళ్తున్నాం," అన్నాడు దిగుతూ.

టైర్లక్క మోకాళ్ళ మీద కూర్చుని టైర్ల పక్క గోడలు చదివింది. టైరు మీద సైజు రాసిన చోట, ఆ చివర ఒక చిన్న అంకె ఉంటుంది. కొనేవాళ్ళు దాన్ని చూడరు. అమ్మేవాళ్ళు కూడా అడిగితేనే చెబుతారు. ఆ టైరు ఎంత బరువు మొయ్యగలదో చెప్పే అంకె అది. తొంభై ఒకటి అని ఉంటే ఆరువందల పదిహేను కిలోలు. తొంభై అయిదు అని ఉంటే ఆరువందల తొంభై. ఈ కారుకి డ్రైవరు వైపు రెండు టైర్లకీ తొంభై ఒకటి ఉంది. పక్క సీటు వైపు రెండింటికీ తొంభై అయిదు ఉంది. సైజు ఒకటే, కంపెనీ ఒకటే, అరుగుదల కూడా ఇంచుమించు ఒకటే. తేడా ఆ అంకెలోనే.

"ఏ ప్రబుద్ధుడు వేశాడండీ ఇవి? కళ్ళకి గంతలు కట్టుకుని వేశాడా?"

"నేను కొన్నప్పటికే అలా ఉన్నాయి. నాకేం తెలుసు. మీరు నాలుగూ తొంభై ఒకటే వెయ్యండి. పక్కలు మెత్తగా ఉంటాయి, తేలిక. చెప్పిన మాట వింటుంది బండి."

తలుపు అంచున కంపెనీవాడు అంటించిన కాగితంలో కూడా తొంభై ఒకటే రాసి ఉంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో మరిదితో ఏకీభవించక తప్పలేదు ఆమెకి. లోపలికెళ్ళి నాలుగు కొత్త టైర్లు దొర్లించుకొచ్చింది.

ఈలోగా పక్క సీట్లోంచి చెల్లెలు దిగింది. స్కూల్లో పిల్లలకి బొమ్మలు నేర్పే టీచరు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, నవ్వుతూ దిగింది. ఆ నవ్వు చూస్తే అక్క కడుపు నిండిపోతుంది. ఎందుకంటే పోయిన ఏడాది ఆ మొహం మీద నవ్వన్నది చూడలేదు ఎవరూ. ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. ఆడపిల్ల. ఆ తరవాత ఆరు నెలలు చెల్లెలు మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. అన్నం కలిపి నోట్లో పెడితే నమిలేది, లేకపోతే లేదు. కారు కొన్నాక, ఒక సాయంత్రం మొగుడు బలవంతాన తీసుకెళ్ళి పక్క సీట్లో కూర్చోబెట్టి ఊరు చుట్టూ తిప్పాడు. తిరిగొచ్చి, ఆకలేస్తోంది అంది. ఆ రోజు నుంచి సాయంత్రం అయ్యేసరికి తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. మనిషి తేలికపడింది, సన్నబడింది, వయసు తగ్గినట్టయింది. అందరూ ఆ కారుకి దిష్టి తీసినంత పని చేశారు.

"తూకం వేశాకే టైర్లు," అన్న మాట వినిపించింది మూల నుంచి.

అది నాన్న. గాలి కొట్టే మిషను పక్కన పాత కుర్చీలో కూర్చుంటాడు. మోకాళ్ళు మొరాయించాక పని కూతురికి అప్పగించాడు గానీ పెత్తనం మాత్రం అప్పగించలేదు. ఊళ్ళో ఆయన పేరు తూకం తాత. ఎందుకంటే, షాపు పెట్టిన కొత్తలోనే నేలలో నాలుగు ఇనుప పలకలు దించాడు. బండి నాలుగు చక్రాలూ వాటి మీద నిలబడితే, ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో గోడమీద పెట్టెలో ఎర్ర అంకెల్లో పడుతుంది. కింద మొత్తం పడుతుంది. కంపెనీవాడు అంటించిన కాగితం ఆయన లెక్కలో చిత్తు కాగితం. రోజూ బండి ఎలా తిరుగుతుందో అలా నిలబెట్టాలి, రోజూ నడిపేవాడు సీట్లో ఉండాలి, రోజూ మోసే సరుకు అందులో ఉండాలి. టైరు మీద రాసిన బరువులో మూడింట రెండు వంతులే దాని మీద పెట్టాలి, మిగిలింది మలుపులకీ వేగానికీ వదిలెయ్యాలి. ఈ పద్ధతి ఆయన తప్పడు, కూతుర్ని తప్పనివ్వడు.

"కారుకి కూడా తూకమా మామయ్యగారూ? లారీనా ఇది?" అన్నాడు మరిది.

"కూర్చో అల్లుడూ. నీదేం పోయింది."

మరిది కారుని పలకల మీదికి ఎక్కించి స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. దారిలోనే ట్యాంకు నింపించాడట. ట్యాంకు నిండుగా ఉంటే ఈ కారు పదిహేను వందల డెబ్బై కిలోలని కాగితాల్లో ఉంది. మరిది డెబ్బై. మొత్తం పదహారు వందల నలభై రావాలి. పెట్టెలో పదిహేడు వందల ముప్ఫై ఒకటి పడింది.

తొంభై ఒక్క కిలో ఎక్కువ. పోనీ నాలుగు చక్రాల మీదా సమానంగా పంచుకుని ఉందా అంటే అదీ లేదు. మనిషి కూర్చున్న వైపు ఉండాల్సినంతే ఉంది. ఖాళీ సీటు వైపే బరువు.

"డిక్కీలో మీ కొలత గొలుసులూ, రాళ్ళూ పెట్టుకుని తిరుగుతున్నారా మరిదిగారూ?"

డిక్కీ తెరిచారు. ఒక గొడుగు ఉంది. సీటు కింద చెయ్యి పెట్టి చూసింది. జుట్టు పిన్ను ఒకటి దొరికింది. చాపలు లేపింది, స్టెప్నీ గుంటలో టార్చి వేసి చూసింది, కిందికి దూరి కూడా చూసింది. కారుని పక్కకి తోయించి, పలకలు తుడిచి, పెట్టెని సున్నాకి తెచ్చి మళ్ళీ ఎక్కించింది. ముందు వెనకలు మార్చి ఎక్కించింది. బరువు కూడా సీటుతోపాటు ఆ వైపుకి మారింది. తొంభై ఒక్క కిలో. అరకిలో తేడా లేదు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ పెట్టె అబద్ధం ఆడలేదు. టైర్లక్క ఎందుకో చెల్లెలి వైపు చూసింది. బిడ్డ కడుపులో పడక ముందు కూడా అది అరవై రెండు కిలోలు ఉండేది. చిన్నప్పటి నుంచీ అక్కచెల్లెళ్ళిద్దరికీ ఆ పలకలే ఆటస్థలం, ఒకరి బరువు ఒకరికి నోటికొచ్చు.

"ఏమే, ఒకసారి నువ్వు నిలబడు ఇక్కడ," అంది, కారుని వెనక్కి తీయించి.

చెల్లెలు చెప్పులు విడిచి ఒక పలక మీద నిలబడింది. నలభై తొమ్మిది.

"అరవై రెండు ఉండేదానివి కదే."

"సన్నబడ్డాను కదక్కా. స్టాఫ్ రూములో అందరూ అడుగుతున్నారు, ఏం తింటున్నావు, ఏం మానేశావు అని. నేనేం మానలేదు, కడుపునిండా తింటున్నాను."

"కారులో కూర్చో. ఊరికే, అయిదు నిమిషాలు."

కారు మళ్ళీ పలకల మీదికొచ్చింది. మరిది దిగి పక్కన నిలబడ్డాడు. చెల్లెలు పక్క సీట్లోకి జారి, తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకుంది. పెదాల మీద చిన్న నవ్వు. ఎండలో నడిచొచ్చి నీడలో కూర్చున్నవాళ్ళకి ఉండే నవ్వది. ఆమె కూర్చున్నంతసేపూ పెట్టెలో అంకె కదల్లేదు. కదలదు కూడా, మనిషీ సీటూ కలిసి ఒకే పలకల మీద ఉన్నప్పుడు ఒకరిది ఒకరు తీసుకున్నా మొత్తం మారదు. దిగాకే తెలుస్తుంది.

దిగింది. కారులో ఇప్పుడు ఎక్కువ ఉన్నది తొంభై ఒకటిన్నర. చెల్లెల్ని పక్కకి తీసుకెళ్ళి ఇంకో మూలనున్న పార్సిళ్ళ కాటా ఎక్కించింది. నలభై ఎనిమిదిన్నర.

మరిది ఆ అంకెలు మళ్ళీ ఒకసారి కూడి చూసుకున్నాడు. సర్వేయరు కదా, కొలతలు కలిస్తే నమ్మకుండా ఉండలేడు. టైర్లక్క మనసులో మాత్రం ఇంకో లెక్క నడుస్తోంది. చెల్లెలు పోగొట్టుకున్నది పదమూడున్నర. కారులో ఉన్నది తొంభై ఒకటిన్నర. మిగిలిన డెబ్బై ఎనిమిదీ ఎవరివి?

అప్పుడు నాన్న కుర్చీలోంచి లేచాడు. లేవడమే ఒక పెద్ద పని ఆయనకి. గోడ పట్టుకుని వచ్చి, కారు పక్కన వంగి, చక్రం ఊగకుండా దాని అంచుకి కొట్టిన సీసం ముక్కని బొటనవేలితో తడిమాడు. ఆయన బిగించిన ప్రతి సీసం ముక్క మీదా ఆకురాయితో చిన్న గీత పెడతాడు. చూపు తగ్గినా వేలు మర్చిపోలేదు.

"ఇవి నేనేసినవే," అన్నాడు. "అప్పుడీ కారు తెల్లగా ఉండేది. పళ్ళ డాక్టరుది. మూడేళ్ళయింది. నువ్వు ఆ వారం ఊళ్ళో లేవు."

"పక్క సీటు వైపు తొంభై అయిదు ఎందుకేశావు నాన్నా?"

"తూకం చూశాను. డెబ్బై ఎనిమిది ఎక్కువుంది ఆ వైపు. తొంభై నాలుగు కూడా సరిపోదు. తొంభై అయిదేశాను."

"ఖాళీ సీటు మీద డెబ్బై ఎనిమిది కిలోలేమిటి అని అడగలేదా ఆయన్ని?"

నాన్న బొటనవేలికంటిన మసిని పంచెకి తుడుచుకున్నాడు. తరవాత, జీవితమంతా గర్వంగా చెప్పుకున్న మాటే నెమ్మదిగా, తలవంచుకుని చెప్పాడు.

"మనది తూకం చూసే పనమ్మా. సరుకు చూసే పని కాదు."

పళ్ళ డాక్టరు నంబరు నాన్న ఫోనులో ఇంకా ఉంది. టైర్లక్క తన ఫోనులోంచి కలిపి, షాపు వెనక గోడ చాటుకి వెళ్ళి మాట్లాడింది. అమ్మేసిన కారు గురించి ఎవరైనా అడిగితే, మనిషి ముందు మరమ్మత్తుల గురించి చెబుతాడు. ఈయన అలా చెప్పలేదు. పక్క సీట్లో ఎవరు కూర్చునేవారండీ అని అడగ్గానే, అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"మా అమ్మ," అన్నాడు. "నాన్న పోయాక ఆవిడ గది దాటి వచ్చేది కాదు. ఒకరోజు ఊరికే బండెక్కించి తిప్పాను. చాలా తేలిగ్గా ఉందిరా అంది. ఇంక రోజూ తిప్పేవాణ్ణి. నాన్న గుర్తొచ్చి ఏడవడం మానేసింది. నేనెంత సంతోషించానో మీకు చెప్పలేను."

"తరవాతండీ?"

"మనిషి తగ్గిపోతూ వచ్చింది. భారీ మనిషి, ఎనభై ఎనిమిది కిలోలుండేది. ఏ డాక్టరుకీ అంతుపట్టలేదు. మొదట నాన్న పేరు మర్చిపోయింది. తరవాత ఇల్లు. ఆఖర్లో నేను ఒక చేత్తో ఎత్తి మంచం మీద పడుకోబెట్టేవాణ్ణి. దుప్పటి కప్పితే కింద మనిషి ఉందో లేదో తెలిసేది కాదు. నా మొహంలోకి చూసి, ఎవరు బాబూ నువ్వు అనేది. నవ్వుతూనే పోయిందమ్మా. ఒక్క నొప్పి లేదు. ఎందుకు అడుగుతున్నారు?"

మళ్ళీ చేస్తానండీ అని పెట్టేసింది. తరవాత తిన్నగా చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. అడక్కుండా ఉంటే బాగుండునని ఉంది, అడక్కపోతే తెలియదు.

"పాప కోసం నువ్వు కుట్టిన పసుపు టోపీ ఎక్కడ పెట్టావే?"

చెల్లెలు కొత్త టైరు మీద ఉండే రబ్బరు వెంట్రుకల్ని గిల్లుతోంది. తలెత్తి, మర్యాదగా నవ్వింది.

"ఏ పాపక్కా?"

మరిది గోడవైపు తిరిగాడు. అతని భుజాలు కదలడం చూసి టైర్లక్కకి అర్థమైంది. ఇతనికి తెలుసు. ఎన్నాళ్ళ నుంచో తెలుసు.

"మీరు చూసి కూడా ఊరుకున్నారా?" అంది, పక్కకి లాక్కెళ్ళి.

"ఏం చెయ్యమంటారు వదినా. అది రాత్రీ పగలూ గోడకేసి చూస్తుంటే మీరు వారానికోసారి వచ్చి వెళ్ళేవారు. నేను ఆ ఇంట్లోనే ఉండేవాణ్ణి. మర్చిపోతే మర్చిపోయింది, నవ్వుతోంది కదా అనుకున్నాను. బరువు సంగతి ఇవాళే చూస్తున్నాను, ఒట్టు."

"నవ్వుతోంది. ఇంకో ఏడాది పోతే మిమ్మల్ని చూసి కూడా అలాగే నవ్వుతుంది. ఎవరు బాబూ మీరు అని."

"ఇంక ఎక్కించను. ఇవాళే అమ్మేస్తాను."

"అమ్మితే పోయింది తిరిగొస్తుందా? దానిది పదమూడున్నర కిలోలు అందులో ఉంది."

వీళ్ళు ఇలా గుసగుసలాడుతుండగానే కారు తలుపు మెత్తగా పడిన చప్పుడైంది. చెల్లెలు మళ్ళీ ఎక్కి కూర్చుంది. కళ్ళు మూసుకుంది. టైర్లక్క పరుగెత్తి తలుపు తెరిచి, రెండు చంకల కిందా చేతులు వేసి ఒక్క లాగు లాగింది. లారీ టైర్లు లాగిన చెయ్యి అది. చెల్లెలు ఎంత తేలిగ్గా వచ్చేసిందంటే, లాగిన ఊపుకి అక్క వెనక్కి పడింది, చెల్లెలు ఆమె ఒళ్ళో పడింది. తువ్వాలు పడినంత చప్పుడు కూడా కాలేదు.

"వదులక్కా. రెండు నిమిషాలు కూర్చుంటాను. బయట ఊపిరాడదు నాకు," అంది చెల్లెలు. నేలమీద కూలబడే, ఒక చెయ్యి చాపి సీటు బెల్టు పట్టుకుంది. వేళ్ళు విడదీద్దామంటే రాలేదు.

అక్క విడదీయడం మానేసింది. వెనకనుంచి చెల్లెల్ని పొదువుకుని, చెవి దగ్గర నోరు పెట్టి మొదలుపెట్టింది. ఏం చెబుతోందో తనకే తెలియదు. నోటికొచ్చింది చెప్పింది. పాప మొదటిసారి కడుపులో తన్నినప్పుడు బోర్డు మీద బొమ్మ వేస్తూ సుద్దముక్క జారవిడిచావు గుర్తుందా అంది. గదికి పసుపు రంగు వెయ్యాలా ఆకుపచ్చ వెయ్యాలా అని మొగుడూ పెళ్ళాలు వారం రోజులు దెబ్బలాడుకున్నారు అంది. ఆస్పత్రిలో కిటికీ పక్క మంచం. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చింది. నువ్వు వద్దన్నావు, మళ్ళీ పిలిచి ఇమ్మన్నావు. ముక్కు అచ్చం నాన్నది. గోళ్ళు కూడా వచ్చేశాయి దానికి. నీ బొటనవేలి మీద దాని చెయ్యి పెట్టి చూశావు.

"తగ్గుతోంది," అన్నాడు నాన్న, గోడమీది పెట్టె చూస్తూ.

"ఎక్కువున్నదెంతో చదువు నాన్నా."

"తొంభై రెండు. తొంభై. ఎనభై ఏడు."

చెల్లెలి ఒళ్ళు అక్క చేతుల్లో కొంచెం కొంచెంగా బరువెక్కుతోంది. నిద్రపోయిన పిల్లని మోస్తుంటే తెలిసే బరువది. ఎనభై దగ్గర చెల్లెలు నోరు తెరిచింది గానీ గొంతు రాలేదు. నాన్న డెబ్బై ఎనిమిది అన్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆస్పత్రి కిటికీ పక్కన ఏడ్చిన ఏడుపే. "నా పాప," అంది. "అక్కా, దాని గోళ్ళు," అంది.

అక్కడ ఆపాలి, మిగిలింది చెల్లెలిది కాదు. నాన్న కూడా ఆ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాడు, కూతురి వైపు చూశాడు. టైర్లక్క వినిపించుకోలేదు. పాతికేళ్ళుగా ఆమె చేస్తున్నది ఒకటే పని. మిషను మీద చక్రాన్ని తిప్పుతుంది, అంకె చూస్తుంది, సీసం కొడుతుంది, మళ్ళీ తిప్పుతుంది. సున్నా పడితే గానీ చక్రం దించదు. రెండు గ్రాములు చాల్లే అని ఏ రోజూ అనుకోలేదు. అంకె దిగుతోందంటే ఆమె చేతులు సున్నా కోసమే చూస్తాయి. చెల్లెలు తనకి తిరిగి దక్కుతోందన్న సంతోషంలో పదమూడున్నర అన్న మాటే గుర్తు లేదు.

"ఏడువమ్మా, ఇంకా ఏడువు. అంతా తెచ్చుకో," అంది, గట్టిగా ఊపుతూ. "ఎంతయింది నాన్నా?"

"అరవై. నలభై నాలుగు. అమ్మాయ్, కొంచెం ఆగు."

"ఎంత?"

"పది. రెండు." నాన్న కళ్ళు చికిలించి పెట్టెకేసి చూశాడు. "సున్నా."

కారు ఆ వైపు కొంచెం పైకి లేచి సర్దుకుంది. చెల్లెలి వేళ్ళు సీటు బెల్టుని వదిలేశాయి. పెట్టెలో మొత్తం పదిహేను వందల డెబ్బై. కాగితంలో రాసి ఉన్నంత.

"ఇప్పుడు నాలుగు వైపులా తొంభై ఒకటి చాలు," అన్నాడు నాన్న. అలవాటు కొద్దీ అన్నాడు, అని నాలిక కరుచుకున్నాడు.

అక్క కళ్ళు తుడుచుకుని, చెల్లెల్ని లేపబోయింది. లేవలేదు. మరిదిని పిలిచింది. ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లాగినా చాలా కష్టంమీద లేచింది. చూడడానికి పుల్లలా అలాగే ఉంది. నిలబడ్డాక ఒక చేత్తో మోకాలు నొక్కుకుని, నడుము పట్టేసినవాళ్ళు నిలబడినట్టు నిలబడి, అబ్బా అంది. ఆ అబ్బా అక్క ఎప్పుడూ విన్నది కాదు.

"పాపకి పేరు పెట్టకుండానే పంపేశాం కదక్కా," అంది ముందు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ మాటకి అక్క గుండె నిండిపోయింది. ఇది నా చెల్లెలే, వచ్చేసింది అనుకుంది.

తరవాత చెల్లెలు తలతిప్పి వీధి వైపు చూసింది.

"టైమెంతయింది? మావాడు తిన్నాడో లేదో. క్లినిక్కులో పళ్ళు పీకుతూ కూర్చుంటే వాడికి ఆకలి కూడా గుర్తుండదు. ఒకసారి ఫోను కలుపమ్మా."

మరిది చెయ్యి వదిలేసి వెనక్కి జరిగాడు. టైర్లక్క వదల్లేదు. తను ఏం చేసిందో ఆమెకి కాళ్ళ దగ్గర నుంచి తెలుస్తూ వచ్చింది. సరుకు చూడలేదు. నాన్నలాగే తనూ తూకమే చూసింది. చెల్లెలి కళ్ళల్లో బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఉంది. ఆ వెనకే, కొడుకు కోసం వాకిట్లోకి చూస్తున్న ఇంకో తల్లి కూడా ఉంది. ఇద్దరూ ఒకే కళ్ళతో ఆమెనే చూస్తూ, ఫోను కోసం చెయ్యి చాపారు.

టైర్లక్క ఇందాకటి పళ్ళ డాక్టరు నంబరే తీసింది. కలిపి ఇచ్చింది. అవతల వెంటనే ఎత్తారు.

"ఏరా, తిన్నావా?" అంది చెల్లెలు.

ఫోను గట్టిగా మాట్లాడే రకం, పక్కనున్న అక్కకి అవతలి ఊపిరి కూడా వినిపిస్తోంది. తరవాత ఆ పెద్ద మనిషి గొంతు, చిన్నపిల్లాడి గొంతులా, అడిగింది.

"అమ్మా, నేనెవరో తెలిసిందా నీకు?"

"తెలియకపోవడమేమిట్రా," అంది చెల్లెలు, ఖాళీ పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుని.

అక్క ఆమె మోచెయ్యి పట్టుకునే నిలబడింది. ఆ బరువుకి భుజం లాగేస్తోంది.